నేను బాగుందన్న వ్యాను

మొన్న మా కోడలు వంటింట్లోంచి, కుక్కరు గ్యాస్కెట్టు పోయింది, బజారుకు వెళ్తే ఒకటి తెమ్మని చెప్పింది. పేపరు చదువుకుంటున్నవాణ్ణి, ఆ మాట చెవిన పడగానే పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆమెకు అది మూత బిగువుగా ఉండడానికి వేసే రబ్బరు చుట్టు, అంతే. నాకు మాత్రం ఆ పేరు వింటే డెబ్బయ్యో దశకం చివరి రోజుల్లోని ఒక వేసవీ, మా బావ ముఖమూ గుర్తుకొస్తాయి.

అప్పట్లో నేను నంద్యాలలో మా మేనమామ షెడ్డులో మెకానిక్కుగా ఉండేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ల వయసు. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎండాకాలం వచ్చిందంటే రోడ్ల పక్కన బానెట్లు ఎత్తిపెట్టుకుని నిలబడ్డ లారీలూ, జీపులూ, వాటికి నీళ్లు పోయడానికి డబ్బా పట్టుకుని బావి ఎక్కడుందో వెతుక్కుంటూ తిరిగే డ్రైవర్లూ. మా మామ ఒక చెవితో సరిగా వినలేడు గానీ, నడుస్తున్న ఇంజను మీద అరచెయ్యి ఆనించి ఏ సిలిండరు సరిగా పనిచేయడం లేదో చెప్పగలిగేవాడు. ఆయన దగ్గర ఆరేళ్లు పని నేర్చుకుని, ఇక నాకు రానిదేమీ లేదని నేననుకుంటున్న రోజులవి.

మా అక్క మొగుడు ఆళ్లగడ్డలో ఒక క్రైస్తవ మిషను దవాఖానాకు వ్యాను నడిపేవాడు. అక్క అక్కడే బడిలో పంతులమ్మ. బావ నెమ్మదైన మనిషి, పొద్దున బండి తీసేముందు దాని చుట్టూ ఒకసారి నడిచి, టైర్లు తట్టి చూసి, మనసులో ప్రార్థన చేసుకుని గానీ తాళం తిప్పేవాడు కాదు. ఉయ్యాలవాడ నుంచి కొలిమిగుండ్ల దాకా ఎక్కడ కాన్పు కష్టమైనా, ఎవరిని పాము కరిచినా ఆ వ్యానే పోవాలి. అలాంటి వ్యాను ఒక నెలనుంచీ ఊరికే వేడెక్కుతోంది. దవాఖానా పెద్దలు బండిని కాదు, బావనే అనుమానించారు. నీళ్లు చూసుకోకుండా నడుపుతున్నాడనీ, ఇట్లాగే ఉంటే వేరే మనిషిని పెట్టుకుంటామనీ మాట వచ్చింది.

బావ ఆ వ్యాను తీసుకుని షెడ్డుకు వచ్చిన రోజున మామ లేడు, పెళ్లికని కర్నూలు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి మూడు రోజులు పడుతుంది.

“పొద్దున్నే నిండుగా పోస్తాండా అబ్బీ. ఉయ్యాలవాడ చేరేలోపల సగానికొస్తాండాయి. కింద సుక్క గూడా పడడంలా. యాడికి పోతాండాయో నువ్వే సూడు” అన్నాడు. పొద్దున స్టార్టు చేస్తే వెనకనుంచి తెల్లటి పొగ వస్తోందని కూడా చెప్పాడు.

ఇంజను బ్లాకుకూ, దాని మీద బిగించే హెడ్డుకూ మధ్య ఒక పల్చటి రేకు ఉంటుంది. లోపల మండే మంటనూ, చుట్టూ తిరిగే నీళ్లనూ కలవనివ్వకుండా విడిగా ఉంచేది అదే. అదే హెడ్డు గ్యాస్కెట్టు. అది పోతే నీళ్లు సిలిండరులోకి చేరి, ఆవిరై, పొగగొట్టంలోంచి వెళ్లిపోతాయి. కింద చుక్క పడకుండా నీళ్లు తగ్గుతున్నాయంటే, తెల్లటి పొగ వస్తోందంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. ఇది నాకు తెలియక కాదు. ఇన్నేళ్ల తరువాత ఇంత వివరంగా రాస్తున్నది ఈ ఒక్క మాట చెప్పుకోవడానికే. నాకు తెలుసు. కానీ ఒంటరిగా హెడ్డు విప్పిన అనుభవం నాకు లేదు. మామ విప్పుతుంటే పక్కన నిలబడి స్పానర్లు అందించినవాణ్ణే గానీ, నా అంతట నేను విప్పి బిగించింది లేదు. విప్పాక సరిగా కూర్చోకపోతే, దవాఖానాకున్న ఒకే ఒక్క వ్యాను నా చేతుల్లో పాడవుతుంది. పోనీ మామ వచ్చేదాకా ఆగమందామంటే, అక్క మొగుడి ముందు ఆ మాట అనడానికి నాకు నామోషీ అయింది.

అందుకని నేను బాగుచేయగలిగిన లోపాలే వెతికాను. నీళ్లు పోసే రేడియేటరులో బురద పేరుకుని ఉంది, కడిగాను. ఫ్యాను బెల్టు వదులుగా ఉంది, బిగించాను. పావుగంట ఇంజను నడిపి చూస్తే వేడి చూపే ముల్లు కదల్లేదు. నిలబడ్డ బండిలో అది కదలకపోవడం పెద్ద విశేషమేమీ కాదని కూడా నాకు తెలుసు.

“గ్యాస్కెట్టు ఏమన్నా పోయిందేమో సూడరాదా?” అని బావ మెల్లగా అడిగాడు.

నేను నవ్వాను. “ఏం ల్యా బావా, బాగుండాది. తీస్కపో” అన్నాను.

రెండో రోజు మధ్యాహ్నం, కాన్పు కష్టమైన ఒకామెను ఎక్కించుకుని నంద్యాల పెద్దాసుపత్రికి వస్తుంటే శిరివెళ్ల దాటాక వ్యాను ఆగిపోయింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి. చల్లారేదాకా రేడియేటరు మూత ముట్టకూడదని బావకు తెలియనిది కాదు. కానీ లోపల ఆమె అరుస్తోంది, ఆమె అత్త బయటికి దిగి చేతులు జోడించి ఏడుస్తోంది. బావ తువ్వాలు తడిపి మూతమీద వేసి తిప్పాడు. మరుగుతున్న నీళ్లు ముఖమంతా చిమ్మాయి.

దారినపోయేవాళ్లు అటుగా వచ్చిన బస్సు ఒకటి ఆపి ముగ్గురినీ ఎక్కించారు. కడుపుతో ఉన్న మనిషి తన ముఖం చూస్తే భయపడుతుందని బావ తడి తువ్వాలు కప్పుకుని, నంద్యాల వచ్చేదాకా ముందు మెట్టుమీద కూర్చున్నాడట. ఆమెకు ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. బావకు మాత్రం కుడికన్ను పోయింది.

వ్యానును లారీకి కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. మామ ఊరినుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా బానెట్టు ఎత్తాడు. రేడియేటరు నింపించి, మూత తీసే ఉంచి ఇంజను స్టార్టు చేయమన్నాడు. పొయ్యిమీద ఎసరులాగా బుడగలు లేచాయి, సిలిండరులోని గాలి నీళ్లలోకి దూరుతోందన్నమాట. ప్లగ్గులు విప్పితే మూడు మసితో నల్లగా ఉన్నాయి, ఒకటి మాత్రం తోమిన గిన్నెలా తెల్లగా మెరుస్తోంది. ఆవిరి కడిగిన తెలుపు అది. హెడ్డు విప్పితే, ఆ సిలిండరు పక్కనే వేలెడు మేర రేకు కాలిపోయి ఉంది. అంతా కలిపి ఒక పూట పని. మొదటి పరీక్షకైతే పది నిమిషాలు కూడా అక్కర్లేదు.

మామ చేతులు తుడుచుకుంటూ, “మూత తీసి బుడగలు సూసినావా ల్యాదా?” అని అడిగాడు. లేదన్నాను. “మరి ఆయప్పకు బాగుండాదని ఎట్ల చెప్తివిరా?” అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

అప్పటికే దవాఖానా పెద్దలు బావదే తప్పని తేల్చేశారు. నీళ్లు లేకుండా నడిపి, తొందరపడి మూత తీశాడని. నేను బండి చూసి బాగుందన్న సంగతి బావ ఎవరికీ చెప్పలేదు. అది నాకు ఆ రాత్రే తెలిసింది. మర్నాడు బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లి దవాఖానా డాక్టరమ్మ ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె అంతా విని, ఈ మాట మీ బావ ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగింది. వారం తిరక్కుండా బావమీద మాట తీసేశారు, మందులిచ్చే గదిలో పని ఇచ్చారు. ఆయన మళ్లీ స్టీరింగు పట్టింది లేదు.

నేను చెప్పొచ్చిన సంగతి తెలిసి బావ మంచంమీద నుంచే నన్ను తిట్టాడు. “ఎందుకు చెప్తివిరా? నువ్వు చెప్తే నా కన్నొస్తాదా? ఇంగ ఆళ్లగడ్డలో నీ చేతికి బండి ఇచ్చేదెవరు?” అన్నాడు. ఆయన అన్నట్టే ఏడాదిపాటు అటువైపు బండ్లు మా షెడ్డుకు రాలేదు. అక్క నాతో మాట్లాడటం మానేసింది. నా పెళ్లికి వచ్చింది, అక్షింతలు వేసింది, మాట్లాడలేదు. ఎనభైల్లో మా పెద్దవాడు పుట్టినప్పుడు వచ్చి, వాణ్ణి ఒళ్లో వేసుకుని, ఏమీ జరగనట్టే నాతో మాట్లాడింది.

ఇప్పుడు షెడ్లలో తీగ ఒకటి తగిలిస్తే బండి జబ్బేమిటో తెరమీద కనిపిస్తుంది. ఒక కుర్రవాడి నామోషీకి ఇంకొకరి కన్ను పోవాల్సిన పని లేదు. అది మంచిదే, నాకేమీ విచారం లేదు. బావ పోయి చాలా ఏళ్లయింది. అక్క ఆళ్లగడ్డలోనే ఉంది, నెలకొకసారైనా వెళ్లి చూసి వస్తాను. ఆ వేసవి గురించి మేమిద్దరం ఇంతవరకూ ఒక్క మాట అనుకోలేదు. ఈసారైనా చెప్పాలి, నేను భయపడ్డానక్కా అని చెప్పాలి అనుకుంటూనే ప్రతిసారీ ఇంట్లోంచి బయలుదేరతాను. వెనకటి బస్సు ఊరూరా ఆగుతూ, గుంటల్లో పడుతూ లేస్తూ వెళ్లేది, మనిషికి మాటలు కూడదీసుకోవడానికి కావలసినంత వ్యవధి ఇచ్చేది. ఇప్పుడు రోడ్డు వెడల్పయింది. మొదటి మాట ఎట్లా ఎత్తుకోవాలో తేల్చుకునేలోపే ఆళ్లగడ్డ వచ్చేస్తోంది.