పిన్ని కుప్ప

మిషను కుట్టే పిన్ని మేడ మీది తన ఎరువు కుప్పలో పాత చీపురు గుచ్చితే మర్నాటికి చిగురించింది. సరే, మర్నాటికి కాదు, వారం పట్టింది. ఆ కుప్ప మీద ఆవిడ చిల్లిగవ్వ ఖర్చు పెట్టదు. తెల్లారగానే కొంగు బిగించి, గోనెసంచి పట్టుకుని వడ్రంగి దగ్గర రంపపు పొట్టు, టీకొట్టులో పిప్పి, సెలూన్లో జుట్టు ఊడ్చుకొస్తుంది. ఒకరోజు అపార్ట్‌మెంట్ సెక్రటరీ మేడెక్కి వచ్చి, "సాయంత్రంలోగా ఈ చెత్త దించకపోతే మనుషుల్ని పెట్టి ఊడిపిస్తా పిన్నిగారూ" అన్నాడు. ఆవిడ పార ఆపలేదు. "అలాగే నాయనా. ఇందులో నీ జుట్టు కూడా ఉంది. ముందు నీది నువ్వు ఏరుకుపో, మిగతాది నేను దించుతా." ఆయన తల తడుముకుంటూ మెట్లు దిగిపోయాడు. కుప్ప అక్కడే ఉంది.

అడిగితే మాత్రం పిన్ని ఒప్పుకోదు. "అంతా అబద్ధం! అసలు వాడి నెత్తిన వెంట్రుకలెక్కడివి, నేను ఏరుకోమనడానికి?"