అందరికీ దోసిలే

నా చిన్నప్పుడు దాహమైతే నీళ్ళు ఎలా తాగాలో మా అవ్వ దగ్గరుండి నేర్పింది. ఊళ్ళోకి పోయినప్పుడు నడుం వంచి, రెండు చేతులూ చేర్చి నోటి కింద దోసిలి పట్టాలి. ఎవరో ఒకరు పైనుంచి పోస్తారు. వాళ్ళ చెంబు మన చేతికి తగలకూడదు. తలెత్తి వాళ్ళ మొహం చూడకూడదు. మా వాడలో పిల్లలందరికీ ఇది అన్నం తినడం నేర్చుకున్నంత మామూలుగా వచ్చేసేది. ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నా నాకు ఒళ్ళు మండుతోంది. మెత్తగా చెబుతానని ఎవరూ ఆశపెట్టుకోవద్దు.

ఊళ్ళో ఇద్దరుండేవాళ్ళు. బడిపంతులుగా చేసి మానుకున్న అయ్యవారు, ఆయన భార్య. ఆమెను అందరూ అయ్యవారమ్మ అనేవాళ్ళు. వాళ్ళది ఊరి నడివీధే, మా వాడ కాదు. ఎవరికి జ్వరమొచ్చినా బండి కట్టించి కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్ళు. పశువులకు మేత లేకపోతే ఊరూరా తిరిగి గడ్డి అడుక్కొచ్చేవాళ్ళు. మొగుడూ పెళ్ళాలకు ఇంట్లో పనేమీ లేదని వీధిలో వాళ్ళు నవ్వేవాళ్ళు. అవసరం పడ్డప్పుడు మాత్రం ముందు వాళ్ళ తలుపే కొట్టేవాళ్ళు.

ఒక ఏడు వేరుశనగ పైరు నిలువునా మాడిపోయింది. ఎండాకాలానికి ఊరి బావులన్నీ అడుగంటాయి. కూలికి పోయొచ్చేవాళ్ళు, బస్సు దిగేవాళ్ళు దాహంతో అల్లాడుతుంటే, బస్సు ఆగేచోట చిన్న కొట్టం వేసి నీళ్ళు పోస్తామని ఆ దంపతులు ముందుకొచ్చారు. నీళ్ళు మిగిలింది ఊరికి పెద్దగా చలామణీ అయ్యే ఆసామి తోటబావిలోనే. ఆయన సరే అన్నాడు. కుండలతో పాటు ఒక ఇత్తడి గ్లాసు కూడా పంపాడు. గ్లాసు ఊళ్ళోవాళ్ళకు, దోసిలి మాకు. ఇది ఎవరూ నోటితో చెప్పాల్సిన పని లేదు.

మొదటి రోజే అయ్యవారమ్మ ఆ గ్లాసు తీసి తన సంచిలో వేసుకుంది. అడిగినవాళ్ళకు మొహంలో ఏమీ కనపడనీయకుండా ఒకటే మాట చెప్పింది.

"గ్లాసు కడగనీకి కరువులో నీళ్ళు యాడుండాయప్పా? అందరికీ దోసిలే."

వరుసలో మా అవ్వకు ముందు తెల్లపంచె ఆయన వంగాడు, వెనక ఇంకో పెద్దమనిషి వంగాడు. నడుములు వంగడం రానివాళ్ళంతా ఆ రోజు వంగారు. నాకు నవ్వాగలేదు. అవ్వ నా నెత్తిన ఒకటి మొట్టింది.

తర్వాత ఊరి పెద్దే బస్సు దిగాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. గ్లాసు తెమ్మన్నాడు. "లేదన్నా, చెయ్యి పట్టు," అంది అయ్యవారమ్మ. ఆయన వెనక నిలబడ్డ మమ్మల్ని చూశాడు, ఆమెను చూశాడు. ఒక్క చుక్క తాగకుండా పోయాడు. మర్నాడు తోట నుంచి కుండ రాలేదు.

ఊరు ఊరంతా అయ్యవారి ఇంటిమీద పడింది. ఒక గ్లాసు పెడితే పోయేదానికి ఇంతమంది గొంతులెండబెడతారా అని తిట్టింది. తిట్టినవాళ్ళలో ఒక్కరైనా ఆ పెద్ద ఇంటికి పోయి, నీళ్ళెందుకు ఆపినావని అడగలేదు. నా కోపం ఇప్పటికీ ఆయన మీద కంటే వీళ్ళ మీదే ఎక్కువ.

చివరికి మా అవ్వ కూడా పోయింది, నన్ను వెంటబెట్టుకుని. "మాకు దోసిలి కొత్తా తల్లీ? గ్లాసు వాళ్ళకే పెట్టు. నీళ్ళుంటే సాలు," అని వాకిట్లో నిలబడి బతిమాలింది.

అయ్యవారమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "నీకు కొత్త గాదు. అందుకే గదా నాకు కడుపు మండేది!" అని అరిచింది. నేను జడిసి అవ్వ చీర పట్టుకున్నాను. అంతవరకు ఆమె గొంతు పెంచడం మేమెవరమూ వినలేదు.

అయ్యవారు లేచి అవ్వ దగ్గరకొచ్చి, "వంకలో మీ చెలమ ఊరుతాండాదా?" అని అడిగాడు.

ఎండిన వాగులో ఇసుక తోడి మేం చేసుకున్న నీళ్ళ గుంట అది. మా వాడంతా దాని మీదే బతికేది. మేం ముట్టిన నీళ్ళని, అందులోవి గుక్కెడు కూడా ఊళ్ళో ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. అవ్వ తల ఊపింది. మర్నాడు తెల్లారేసరికి అయ్యవారు కావడి భుజాన వేసుకుని మా వంకలో దిగాడు. కొట్టంలో కుండలు నింపాక, అందరూ చూస్తుండగా మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ మొదట తాగారు.

ఆ పొద్దు మా వాళ్ళు తప్ప ఇంకెవరూ రాలేదు. తర్వాత బస్సు డ్రైవరు తాగాడు, కండక్టరు తాగాడు. ఎండ ముదిరేకొద్దీ ఊళ్ళోవాళ్ళూ ఒక్కొక్కరే, ఎవరూ చూడలేదులే అనుకుంటూ వచ్చి వంగారు. ఊరి పెద్ద మాత్రం ఎప్పటికీ రాలేదు. ఆ దంపతులను ఆ తర్వాత ఊళ్ళో ఒక్క పెళ్ళికీ పిలవలేదు. సొంత బంధువులు గడప తొక్కడం మానేశారు. వాళ్ళు ఏటా ఎండాకాలం కుండలు పెట్టడం మానలేదు.

ఈ ఏడు అదే చోట, కాలం చేసిన ఆ ఇద్దరి పేరున చలివేంద్రం తెరిచారు. వాళ్ళ ఫొటోలతో పెద్ద ఫ్లెక్సీ, కింద 'శాంతమూర్తులు' అని రాత. ఊరి పెద్ద మనవడు మైకు పట్టుకుని, తన తాత నీళ్ళిచ్చినాడనీ, ఈ పుణ్యదంపతులు అందరికీ ప్రేమతో పోసినారనీ చెబుతున్నాడు. నేను లేచాను.

"మీ తాత యాడ ఇచ్చినాడప్పా? ఆపినాడు."

చప్పట్లు కొట్టే చేతులు ఆగిపోయాయి. పాత మాటలు ఇప్పుడెందుకు పెద్దమ్మా, కూచో అన్నారెవరో. నేను కూర్చోలేదు. వంక, చెలమ, కావడి, గ్లాసు అన్నీ చెప్పి, ఎవరిచ్చిన నీళ్ళూ తాగకుండానే ఇంటికొచ్చాను.

శాంతమూర్తులట! ఆమె అరిచిన అరుపు నా చెవుల్లో ఉంది. మా మీద జాలిపడినవాళ్ళను నా బతుకులో చాలామందిని చూశాను. గంజి పోశారు, పాతబట్టలిచ్చారు, పోయారు. మా కోసం కోపం తెచ్చుకున్నవాళ్ళు ఆ ఇద్దరే. ఆ కోపమే నాకు వాళ్ళిచ్చిపోయిన ఆస్తి. దాన్ని చల్లారనివ్వకుండా నా మనవరాళ్ళకు అప్పజెబుతున్నాను.