పెళ్లికొడుకు లేని ఫోటో

రీలు కెమెరాలు పోతూ, డిజిటల్ కెమెరాలు వస్తూ ఉన్న ఆ రోజుల్లో, మా నంద్యాల్లో ఫోటో అంటే అందులో మనిషి ఉండాల్సిందే. కనీసం పెళ్లికొడుకన్నా ఉండాలి (మనిషీ, పెళ్లికొడుకూ ఒకటి కాదని నా పెళ్లయ్యాక తెలిసింది). మా మామ స్టూడియోలో ఆయనది రీలు కెమెరా, నాది డిజిటల్. ఊళ్లో పెళ్లిళ్లన్నీ తీసిన మామకు మిగిలింది ఒకటే కోరిక. "పెండ్లికొడుకు లేని ఫోటో ఒక్కటన్నా తీసి సావాలరా అల్లుడా" అనేవాడు.

ఒక వానాకాలం ఆళ్లగడ్డలో పెళ్లి ముగించుకుని, అటునుంచి అటే నల్లమల ఎక్కి తెల్లవారేసరికి ఒక కొండ అంచున నిలబడ్డాం. మామ రీల్లో ఒక్క ఫోటోకే చోటు మిగిలింది. మిగతాదంతా పెళ్లికూతురి మేనత్తలు తినేశారు. ఆకాశం రంగులు ఆయన రీలు మీద పట్టాలి, చీకటి లోయను నేను డిజిటల్‌లో తీయాలి, తర్వాత రెండింటినీ కంప్యూటర్లో కలపాలి (జాతకాలు చూడలేదు). ఎదురుగా చూస్తే కొండే లేదు, అంతా మబ్బు.

"మామా, పెళ్లికూతురు ఇంకా ముస్తాబు కాలేదు. పోదాం పా."

"నోరు మూసుకోని నిలబడు."

అంతలో మబ్బు జరిగింది. ముందు ఒక కొండ, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక చూపు ఆగేదాకా నీలం మీద నీలం. లోయలో పొగమంచు, ఏదో పెద్ద ప్రాణి నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు, లేస్తూ తగ్గుతూ ఉంది. నాకు ఒక్క జోకూ రాలేదు (మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు). నా లోయను ఎట్లాగో తీసేసి పక్కకు తిరిగాను. మామ కెమెరాకు కన్ను ఆనించి, పెళ్లిపీటల ముందు అన్నట్టే, మర్యాదగా అన్నాడు:

"గడ్డం కొంచెం పైకి... ఆఁ, అట్లనే. రెప్ప కొట్టొద్దు."

శిఖరాన్ని పట్టుకుని వేలాడుతున్న ఆఖరి మబ్బు తునక పైకి లేచింది. ఒట్టు.

క్లిక్. దాంతోపాటే ఫ్లాష్! పెళ్లిలో తగిలించింది తీయడం మరిచాడు. అంత దూరాన ఉన్న కొండకు ఫ్లాష్ కొట్టినవాడు భూమ్మీద మా మామ ఒక్కడే. "పాయరా, ఉన్నది ఒక్కటే" అంటూ తడి రాతి మీద కూలబడ్డాడు. నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాను.

"కొండ రెప్ప కొట్టలేదులే మామా."

నంద్యాల వచ్చి, రీలు కడిగించి, స్కాన్ చేసి, నా లోయను కలిపి చూశాం. ఫ్లాష్ కొండదాకా పోలేదు; మా కాళ్ల ముందున్న గడ్డి మీదే పడింది. దాని మీది వాన చినుకులన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. మామ వాటి మీద వేలు పెట్టాడు. "అక్షింతలు పడినాయి చూడరా" అన్నాడు.

స్టూడియో గోడకు తగిలిస్తే, వచ్చినవాళ్లంతా "బాగుందన్నా, మనుషులు యాడ?" అని అడిగేవారు. "ఫోటో తీస్తాండారు" అనేవాడు మామ.

ఇప్పుడు నా ఫోన్ నిండా కొండలే. ఏ కొండ ముందు నిలబడ్డా, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "గడ్డం కొంచెం పైకి" అంటాను. ఒక్కటీ వినదు. అడగడంలో మామకున్న మర్యాద నాకు లేదేమో.