బాతినా దారిలో కుక్కపిల్ల

మొన్న మస్కట్‌లో, దార్సైట్‌లోని మా బిల్డింగ్ లిఫ్ట్ ఎక్కితే, కింది ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి చంకలో పిడికెడంత పగ్ కుక్కపిల్లను పెట్టుకుని నిలబడి ఉంది. "ఆంటీ, ఇదెందుకిట్ల గురగురమంటది? జలుబు చేసిందంటరా?" అని అడిగింది. జలుబు కాదమ్మా, దాని ముక్కే అంత అని చెప్పి ఇంటికైతే వచ్చాను గానీ, ఆ పూట వంట మీద మనసు నిలవలేదు.

పెళ్లయిన కొత్తలో మా ఆయనకు సోహార్‌లో ప్లాంట్ డ్యూటీ. ఒమాన్ వదిలి వెళ్లిపోతున్న ఆయన పై అధికారి ఒకాయన అట్లాంటి పిల్లనే మాకు అప్పగించి వెళ్లాడు. మా జగిత్యాల ఇంట్లో కుక్క అంటే వాకిట్లో పడుండేదే తప్ప, దాన్ని నేను చేత్తో ముట్టిన గుర్తు కూడా లేదు. అట్లాంటిది ఆ నల్లమూతి కూన మొహం మీది ముడతలను తిండి పెట్టిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, చెమ్మ నిలిస్తే పుండవుతుందని మళ్లీ పొడిగుడ్డతో అద్దుతూ కూర్చునేదాన్ని. మూతి చదునుగా ఉండటం వల్ల లోతు గిన్నెలో పెడితే తినలేదు, పళ్లెంలో పెట్టాలి. మెడకు పట్టీ కడితే ఊపిరాడదు, ఛాతీకి కట్టాలి. నిద్రపోయేటప్పుడు గడ్డం ఎత్తుగా ఉంటే గాలి బాగా ఆడుతుందని దానికి ఎవరు చెప్పారో, నా చెప్పు మీద తల ఆనించి గురక పెట్టేది. మనం పట్టించుకోకుండా పీల్చి వదిలేసే గాలి కోసం అంత చిన్న ప్రాణి అంత పాటుపడుతుంటే, పని మానేసి చూస్తూ ఉండిపోయేదాన్ని.

దానికి టీకా వేయించడానికి ఒక ఎండాకాలం పొద్దున మస్కట్ బయలుదేరాం. బాతినా తీరం వెంట పోయే ఆ పాత దారి అప్పట్లో ఇక్కడున్న వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒక పక్క ఖర్జూరపు తోటలు, ఇంకో పక్క సముద్రపు ఉప్పగాలి. సగం దారిలో కారు ఏసీ ఆగిపోయింది. అద్దాలు దించితే కొలిమి మీది గాలి మొహాన కొట్టింది. మాకు చెమట పట్టింది, కుక్కకు ఆ దారి కూడా లేదు, నోటితో రొప్పి వేడి దించుకోవాల్సిందే, ఆ పొట్టి మూతికి అదీ చేతకాలేదు. చూస్తుండగానే నాలుక నీలం తిరిగింది, కాళ్లు వేలాడేసింది. "ఏడవకు, నీడ కనపడంగనే ఆపుత" అంటూ మా ఆయన బండి వేగం పెంచాడు.

తుమ్మచెట్టు కింద పికప్ బండి వెనక చేపలు అమ్ముతున్న ఒక ముసలి ఒమానీ కనిపిస్తే అక్కడ ఆపాం. ముస్లింలు కుక్క ఉమ్మి తగిలితే అశుద్ధంగా భావిస్తారని నాకు తెలుసు కనక, ఆయన దగ్గరికి వస్తాడని అనుకోలేదు. బేరానికి నిలబడ్డ వాళ్లను వదిలేసి ఆయనే వచ్చాడు. చేపల మీది మంచుగడ్డ తీయబోతున్న మా ఆయనను వారించి, "ఇత్నా ఠండా నై, ధీరే ధీరే" అని, అంత చల్లన కూడదు, మెల్లగా అని తనకొచ్చిన హిందీలో చెబుతూ, తను తాగడానికి తెచ్చుకున్న క్యాన్ నీళ్లు దాని పొట్ట మీదా పాదాల మీదా కొద్దికొద్దిగా పోశాడు. నేను చున్నీ తడిపి ఒళ్లంతా తుడుస్తుంటే, ఆయన చేపల పెట్టె మూతతో ఆగకుండా విసిరాడు.

"చాచా, బతుకుతదా?" అని నేను తెలుగులోనే అడిగేశాను. అర్థమైందో ఏమో, "అల్లా మాలిక్" అన్నాడు, దేవుడున్నాడన్నట్టు.

కాసేపటికి ఆ నీలం నాలుకలోకి మెల్లగా గులాబీ రంగు పాకింది. ఒక తుమ్ము తుమ్మి, కళ్లు తెరిచి, ఎదురుగా ఉన్న ఆయన చేతిని నాకింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. దాని తల నిమిరి, ఆ తరవాతే పక్కకు వెళ్లి, దోసెడు మన్నుతో రుద్దుకుని, క్యాన్‌లో అడుగున మిగిలిన నీళ్లతో మళ్లీ మళ్లీ కడుక్కున్నాడు. అంత పని పడుతుందని ముందే తెలిసీ ఆ చెయ్యి చాచాడు కదా అన్న ఆశ్చర్యం నాకు ఈనాటికీ తగ్గలేదు.

ఎండలో కదలొద్దని చెప్పి, పక్కనే ఉన్న తన ఖర్జూరపు తోటకు తీసుకెళ్లి, మోటారు నీళ్లు పారే కాలవ గట్టున కూర్చోబెట్టాడు. ఆయన భార్య కావా అనే వాళ్ల కాఫీ, ఖర్జూరాలు తెచ్చిపెట్టి, కుక్కపిల్ల మొహాన్ని దూరం నుంచే చూసి నోటికి తలముసుగు కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. పొద్దు వాలి గాలి చల్లబడ్డాక, టీకా ఇంకో రోజు చూసుకుందామని సోహార్ తిరిగొచ్చాం. ఆ కుక్క మా ఇంట్లో చాలా ఏళ్లు బతికి, మా పిల్లలు నడక నేర్చుకునే దాకా ఉండి, నిద్రలోనే పోయింది.

ఆ హడావిడిలో ఆయన పేరు అడగడం మరిచిపోయాం. కొన్నేళ్ల తరవాత వెతుక్కుంటూ వెళితే రోడ్డు వెడల్పు చేసేశారు, ఆ తోట ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాం. ఇప్పుడు కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద అద్దాలెత్తుకుని, చల్లగా, సోహార్ నుంచి మస్కట్ దాకా ఎక్కడా దిగకుండా వచ్చేస్తున్నాం. సుఖంగానే ఉంది, కాదనను. దారి పొడుగునా ఎవరి ఊళ్లు దాటి వస్తున్నామో మాత్రం తెలియడం లేదు.