బాగుందని చెప్పి అమ్మిన కెమెరా

ఏడేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. నా పేరు చెప్పలేను, మన్నించండి. పావగడలో ఫోటో స్టూడియో నడిపిన మనిషిని అనుకోండి, చాలు.

నా దగ్గర పాత డిజిటల్ కెమెరా ఒకటి ఉండేది. దానితో తీసిన పెళ్లిళ్లకు లెక్క లేదు. చివరి ఏడాది దానికొక జబ్బు పట్టింది. గంటసేపు వాడి వేడెక్కిందంటే మెమరీ కార్డులో ఫోటోలు, ముందు తీసినవి కూడా, నిలిచేవి కావు. తీసినట్టే ఉండేది, తెర మీద కనిపించేది, తర్వాత చూస్తే ఏమీ ఉండేది కాదు. ఒక సీమంతంలో నాకే అలా జరిగితే, మర్నాడు మళ్లీ వాళ్లింటికి వెళ్లి, ఆ అమ్మాయిని మళ్లీ కూర్చోబెట్టి తీసుకొచ్చాను. బెంగళూరులో చూపిస్తే, లోపల బోర్డు పోయింది, బాగు చేయించడం దండగ అన్నారు.

అప్పుడే రామాంజి అడిగాడు, ఆ కెమెరా అమ్ముతావా అని.

అతనిది వల్లూరు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. శెనక్కాయ వేసే చేను సోలార్ వాళ్లకు బాడుగకు పోయింది. ఈడువాళ్లంతా ప్యానెళ్లు కడిగే పనికో, సెక్యూరిటీకో చేరుతుంటే, ఇతనికి మాత్రం పెళ్లిళ్లకు ఫోటోలు తీయాలని ఆశ. నా స్టూడియోలో రోజుల తరబడి కూర్చుని పని చూసేవాడు.

జబ్బులేని కెమెరాకు ఎంత పలుకుతుందో అంతే చెప్పాను. అతను బేరమాడలేదు. ఆడి ఉంటే, తగ్గిస్తూ తగ్గిస్తూ ఉన్న సంగతి చెప్పేసేవాణ్ణేమో అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. చెప్పేవాణ్ణి కాదు. నాలుగు ఫోటోలు తీయనిచ్చి, వేడెక్కకముందే చేతిలోంచి తీసుకుని, ఆఫ్ చేసి సంచిలో పెట్టింది నేనే కదా? "మంచి కెమెరా, ఏ రిపేరూ లేదు" అన్నది నేనే కదా? అతను ఆ సంచిని రెండు చేతులతో కళ్లకద్దుకున్నాడు.

మొదటి పని నాగలమడికలో, అతని మేనత్త కూతురి పెళ్లి. పెళ్లికూతురి తండ్రి చాలా నెలలుగా మంచంలో ఉన్నాడు. ఆ రోజు మాత్రం ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే లేచి, పెళ్లికొడుకు కాళ్లు కడిగాడట. రామాంజి అంతా తీశాడు.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకు వచ్చాడు. షట్టరు ఇంకా పూర్తిగా ఎత్తలేదు.

"అన్నా, కార్డులో ఒక్కటీ లేదన్నా. అంతా చూసుకుంటానే తీసినా. యాడికి పోయినాయన్నా?"

నాకు తెలుసు యాడికి పోయాయో. కార్డు తీసుకుని కంప్యూటర్‌లో పెట్టి వెతికినట్టు చేశాను. నిజంగానే వెతికాను కూడా. ఏమీ లేదు.

"ఆఫ్ చేయకుండా కార్డు పెరికినావేమోప్పా."

"చేసినట్లే గ్యాపకం ఉండాదే..."

"పెండ్లి గలాటాలో మర్సిపోయింటావు. కొత్త కదా నీకు. అట్ల పెరికితే అన్నీ పోతాయి."

కార్డు తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అట్లయితే నేనే చేసింటాన్లే అన్నా. కెమెరాదేముంది పాపం."

అమ్మడం ఒక తప్పు. దాన్ని ఆశ అనుకోవచ్చు, స్టూడియోకు గిరాకీ లేని రోజులు అనుకోవచ్చు. కానీ నన్ను నమ్మి అడగడానికి వచ్చిన మనిషి నెత్తిన నా తప్పు పెట్టి పంపానే, దాన్ని ఏమనుకోవాలి?

నెల తిరక్కుండా ఆ పెళ్లికూతురి తండ్రి పోయాడు. దండ వేయడానికి ఇంట్లో సరైన ఫోటో లేదు. ఆధార్ కార్డు తెచ్చి, అందులోని బొమ్మ పెద్దది చేయమని నా దగ్గరికే వచ్చారు. చేసిచ్చాను. ఎంత దిద్దినా ముఖం మసకగానే వచ్చింది. మేనత్త ఆ తర్వాత రామాంజితో మాట్లాడలేదు. పోయినేడు ఆమె కూడా పోయింది, మాట్లాడకుండానే.

అతన్ని ఇంకెవరూ పనికి పిలవలేదు. ఇప్పుడు వల్లూరులో, ఒకప్పుడు తన చేను ఉన్న వైపే, ప్యానెళ్లు కడుగుతాడు.

ఈమధ్య వాళ్లమ్మాయి బడి వార్షికోత్సవంలో కలిశాడు. అమ్మాయి స్టేజీ ఎక్కగానే తన ఫోను నా చేతిలో పెట్టాడు.

"నువ్వు తియ్యన్నా. నేను తీస్తే నిలవదు."

తీసిచ్చాను. ఆ తర్వాత చెప్పేద్దామని రెండుసార్లు బండి మీద వల్లూరు దాకా పోయాను. ప్యానెళ్ల వరసల మధ్య పైపు పట్టుకుని వంగి ఉన్న మనిషిని కంచె బయటినుంచి చూసి, వెనక్కి వచ్చేశాను. చెబితే ఏమొస్తుంది? ఆ పెళ్లి ఫోటోలు రావు. మేనత్త రాదు. ఏడేళ్లు తనను తాను తిట్టుకున్నది వెనక్కి పోదు. ఇవన్నీ నిజాలే. నా పిరికితనానికి ఇవి భలే పనికొస్తున్నాయన్నదీ నిజమే.

ఆ కెమెరా చెడిపోయిందని తెలిసే అమ్మాను. రామాంజి కార్డు సరిగానే తీశాడు. అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇది అతని దాకా పోదని తెలుసు, పోకపోతేనే మేలని లోపల ఎక్కడో అనుకుంటున్నానని కూడా తెలుసు. అయినా రాసేశాక, చాలా ఏళ్ల తర్వాత, కాసేపు ఊరికే కూర్చోగలిగాను.