గోడలో గుంట

2002 ఎండాకాలం. కదిరి పక్క సుగాలి తండాలకు నేను ఎ.ఎన్.ఎం.ని, అంటే సూదులూ మందులూ మోసుకుని ఇల్లిల్లూ తిరిగే నర్సమ్మని. దయ్యాల కథలంటే నాకు నవ్వు. సక్రీబాయి ఇంట్లో మాత్రం నవ్వు రాలేదు.

కరువుకు కొడుకూ కోడలూ బెంగుళూరుకు కట్టడం పనికి పోయారు. నాలుగేళ్ల మనవరాలు దేవిని ముసలమ్మే సాకుతోంది. పిల్ల పొట్ట కుండలా, కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. కంటి కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఏడవదు, మాట్లాడదు, గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. ఆ మట్టిగోడలో, సరిగ్గా పిల్ల నోటి ఎత్తున, పిడికిలి పట్టేంత గుంట.

"దీని అక్క పోయినేడు ఇట్లే కడుపుబ్బి సచ్చిపోయినాది. అదే వచ్చి గోడ గీకుతాండాది, సిస్టరమ్మా. దీన్ని గూడా పిల్చుకపోతాది," అంది సక్రీబాయి.

అది వచ్చే దారి మూయాలని ఆమె రోజూ పొద్దున్నే వంకలో, అంటే ఎండిన వాగులో, ఎర్రమన్ను తెచ్చి గుంట మెత్తి, కూలికి పోతుంది. తిరిగొచ్చేసరికి మళ్లీ గుంట. ఆ పూట కూడా మెత్తి, చేతులు కడుక్కోవడానికి బయటికి పోయింది. తడిమన్ను వాసనకు దేవి లేచింది. గోళ్లతో గీకి, కళ్లు మూసుకుని తినసాగింది. సక్రీబాయిని పిలిచి చూపించాను.

తండా మొత్తం దొడ్డికి పోయేది ఆ వంకలోకే. ఆ మన్నులో ఏలికపాముల గుడ్లుంటాయి, చెప్పుల్లేని కాళ్లకు కొంకిపురుగులు ఎక్కుతాయి. అవి రక్తం పీల్చేకొద్దీ పిల్లకు మన్ను మీదే మనసు పోతుంది. ఈ మన్ను తినే జబ్బును మేము ‘పైకా’ అంటాం. ఒకప్పుడు ఆ ఇంట్లో కొర్రలు, సజ్జలు, మేకపాలు ఉండేవి. అంతా వేరుశనగ వేశాక కొర్ర పోయింది, వానలు ముఖం చాటేశాక మేకలూ పోయాయి. మిగిలింది రేషన్ స్టోరు బియ్యం, కారం.

డాక్టరుకు చూపించి ఆల్బెండజోల్, అదే పురుగుల మాత్ర, మింగించాం. మరునాడు పడిన ఏలికపాములు ఇంకా కదులుతుంటే సక్రీబాయి పిల్లకు దిష్టి తీసింది. నేను వద్దనలేదు. ఐరన్ టానిక్కూ, అంగన్‌వాడీ గుడ్డూ వంటబట్టాయి. వానలు పడే వేళకు దేవి నన్ను చూస్తే సూదికి భయపడి పరుగెత్తేది. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆ వానకే గోడ పాత పూత ఊడింది. దేవి గుంటకు జానెడు పైన మరో గుంట బయటపడింది, ఎప్పుడో మెత్తేసినది. సక్రీబాయి దాని మీద చెయ్యి పెట్టి చూసింది.

"అయితే పెద్దది గూడా మన్నే తినిండాదా, అమ్మా?"

అవునన్నాను. అప్పుడూ వంకమన్ను తెచ్చి మెత్తిన తన అరచేతులను ఆమె తిప్పి చూసుకుంది.

అప్పటినుంచి ఏ ఇంట్లో అడుగుపెట్టినా, బిడ్డను తూకం వేయకముందే గోడలు చూస్తాను, పిల్లల నోటి ఎత్తున.