ఒడిలో పొత్రం

పెళ్లైన కొత్తలో మా అత్తమ్మ నా ముఖం చూసి మాట్లాడేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ చూపు మెల్లగా కిందికి జారి పొట్ట దగ్గర ఆగడం మొదలైంది. అన్నం మారు పెట్టించుకుంటే ఆవిడకు ఆశ. వద్దంటే ఇంకా ఆశ. ఒకసారి పాచిపోయిన పప్పు తిని వాంతి చేసుకున్నాను. నోరు కడుక్కుని వచ్చేలోపు అత్తమ్మ పక్కింటికి బెల్లం ముక్క పంపేసింది. పప్పు సంగతి చెప్పడానికి నాకే మొహమాటమైంది.

ఇది పంతొమ్మిది వందల ఎనభైల నాటి మాట. నేను పుట్టింది మధిర దగ్గర, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంట్లో. మెట్టింది ముదిగొండ అవతల, మిరప వేసే ఊళ్లో. ఆ ఇంట్లో గంభీరంగా ఉండే బాధ్యత మా ఆయనది. ఆకాశంలో మబ్బు పట్టినా ఎవరికో జబ్బు చేసినట్టు చూస్తాడు. నవ్వే బాధ్యత నేను తీసుకున్నాను. ఎవరో ఒకరు తీసుకోవాలి కదా.

అత్తమ్మ నన్ను మొక్కులకు తిప్పింది. భద్రాచలం చూపించి, అక్కడి నుంచి పర్ణశాలకు తీసుకెళ్లి, గోదావరిలో ముంచి, తడిచీరతో ప్రదక్షిణలు చేయించింది. నాకు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. సీతమ్మ ఇక్కడున్నన్నాళ్లూ ఆవిడకే పిల్లలు పుట్టలేదు కదత్తమ్మా, మనం వేరే ఊరు చూసుకుంటే మేలేమో అన్నాను. అత్తమ్మ చెంపలు వేసింది, ముందు తనకు, తర్వాత నాకు. తిరుగు బస్సులో మాత్రం కిటికీ వైపు తిరిగి, భుజాలు కదిలిపోయేలా చాలాసేపు నవ్వింది. ఆవిడ మీద నాకు కోపం నిలవకపోవడానికి ఇలాంటివే కారణాలు.

దేవుళ్ల తర్వాత డాక్టరమ్మ వంతు వచ్చింది. ఖమ్మంలో ఆవిడ దవాఖానాకు నెలనెలా వెళ్లేదాన్ని. సూదులు పొడిచారు, మాత్రలు మింగించారు, కడుపులోకి మందు ఎక్కించి ఫోటో తీశారు. నా ముఖాన్ని కూడా అంత శ్రద్ధగా ఎవరూ ఫోటో తీయలేదు. ఆఖరికి డాక్టరమ్మ, నీలో లోపమేమీ కనిపించడం లేదు, మీ ఆయనకు పరీక్ష చేయాలి అంది. ఆ మాట ఇంటికి తెచ్చేసరికి మా ఆయన కంచం ముందు నుంచి లేచి ఎడ్లకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. ఎడ్లు అప్పటికే తాగి పడుకున్నాయి.

కొన్నాళ్లకు ఒప్పుకున్నాడు. దవాఖానాలో అందుకు వేరే గది లేదు. వీర్యాన్ని ఇంటి దగ్గరే సీసాలో పట్టి, చల్లారకుండా ఒంటికి ఆనించుకుని, గంటలోపు తెచ్చివ్వాలన్నారు. మా ఊరి బస్సు సంగతి వాళ్లకు తెలియదు పాపం. ఆయన సీసాను తువ్వాలలో చుట్టి, నడుము దగ్గర దోపుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు కడుపునొప్పా అని అడిగాడు. పక్క సీటు ముసలాయన మూట విప్పి వాము ఇచ్చాడు. వద్దంటే వినలేదు, నమిలేదాకా చూస్తూ కూర్చున్నాడు. దారిలో గొర్రెల మంద అడ్డమొచ్చి బస్సు ఆగింది. ఆ మంద దాటేంతసేపూ ఆయన పొదుగుతున్న కోడిలా కదల్లేదు. మనకంటే గొర్రెలే ముందు చేరేట్టున్నాయి అన్నాను చెవిలో. నవ్వలేదు.

ఫలితం బాగా లేదు. తప్పు బస్సుదేనేమోనని, తర్వాతి నెల ఖమ్మంలోనే గది కిరాయికి తీసుకుని మళ్లీ చేయించాం. బస్సు తప్పేమీ లేదని తేలింది. వీర్యంలో కణాలు దాదాపు లేవన్నారు. మందులు వాడినా మార్పు రాలేదు. ఇంటి గడప దగ్గర ఆయన నన్ను ఆపి ఒక్క మాట అన్నాడు.

"అమ్మకు చెప్పకు."

చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆయన మేనత్త అప్పటికే తన మరిది కూతురి జాతకం పట్టుకుని వచ్చి మా అరుగు మీద మజ్జిగ తాగిపోతోంది. రెండో పెళ్లి అనే మాట నోటితో అనదు. పిల్ల ఇంటి పనికి కూడా అక్కరకొస్తుందంటుంది. అత్తమ్మ అవుననదు, కాదనదు. మజ్జిగ మాత్రం వచ్చినప్పుడల్లా పలచన చేస్తూ పోయింది. నేనది గమనించాను.

ఆ తర్వాత డాక్టరమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచింది. వేరే మనిషి వీర్యంతో గర్భం నిలపొచ్చు, అతనెవరో మీకు తెలియదు, మీరెవరో అతనికి తెలియదు అంది. మా ఆయనకు కూడా చెప్పక్కర్లేదట. మందులు పనిచేశాయని సంతోషిస్తాడట. చాలా ఇళ్లలో అంతేనట. ఆవిడ దయతోనే చెప్పింది. బయటికొచ్చి చూస్తే, మా ఆయన నా చెప్పులను కుక్క ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నాడు. అలాంటి మనిషికి జీవితాంతం అబద్ధం చెప్పాలంటే చాలా ఓపిక కావాలి. బస్సెక్కగానే మొత్తం చెప్పేశాను.

ముదిగొండ వచ్చేదాకా ఆయన టిక్కెట్టు మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. దిగాక అడిగాడు.

"పుట్టినోడు నన్ను నాయినా అంటడంటవా?"

"పక్కింటి దూడ కూడా మిమ్మల్ని చూస్తే వెంటపడుతుంది. వాడు అనడా?"

"దూడకు గడ్డేస్త గాబట్టి."

"వాడికీ అన్నం పెడతారు కదా."

ఆయన ఆలోచనలో పడ్డాడు. గుట్టుగా చేయించుకుందామా వద్దా అన్నది తేలకుండానే ఆడపడుచు పురిటికొచ్చి, పాపను కన్నది.

పాపను తొట్టెల్లో వేసే రోజు వచ్చింది. మా అత్తగారి వైపు ఒక ఆనవాయితీ ఉంది. పాపకంటే ముందు సన్నికల్లు పొత్రాన్ని కడిగి, పసుపు రాసి, కొత్త గుడ్డ చుట్టి తొట్టెల్లో పడుకోబెట్టి ఊపుతారు. తర్వాత దాన్ని తీసి, పిల్లలు లేనామె ఒడిలో పెడతారు. మా పుట్టింటి వైపు ఇది లేదు. మేం పొత్రంతో పచ్చడి నూరుకుంటాం.

మేనత్త పొత్రం ఎత్తుకుని నా వైపు వచ్చింది. ఆడవాళ్లందరి కళ్లల్లో నీళ్లు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

"ఈ ఏడన్న కడుపు పండకపోతే, ఇగ మా పిలగాని గురించి మేం ఆలోచన జేస్కోవాలె" అంది, అందరికీ వినపడేలా.

నేను కొంగు పట్టాను. ఇది ఏడవదు, పాలడగదు, నాకు బాగానే ఉంది అనబోతున్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయన లోపలికొచ్చాడు. ఆడవాళ్ల మధ్య, చాప మీద నా పక్కన కూర్చుని, భుజం మీది తువ్వాల తీసి ఒడిలో పరిచాడు.

"గా పొత్రం నాకు పెట్టు అత్తా. లోపం నాది. దవాఖానల తేలింది. ఆమెల ఏం లేదు."

మేనత్తకు పొత్రం ఎక్కడ పెట్టాలో తోచలేదు. అత్తమ్మ వచ్చి ఆమె చేతుల్లోంచి దాన్ని తీసుకుంది. కొడుకు ఒడిలో పెట్టలేదు, నా ఒడిలోనూ పెట్టలేదు. తీసుకెళ్లి సన్నికల్లు మీద పెట్టేసి, పాపను తెచ్చి తొట్టెల్లో వేసింది.

"పొద్దుగూకక ముందే ఒక బస్సుంది వదినా" అంది మేనత్తతో.

మర్నాడు చేలో నేనే మాట కదిపాను. అందరి ముందూ చెప్పేశారు, ఇప్పుడు నాకు నెల తప్పితే ఊరంతా ఆరా తీస్తుంది, డాక్టరమ్మ చెప్పిన దారి మూసుకుపోయినట్టే అన్నాను.

"ఎరికే. ఇగ పోతే చెప్పే పోవాలె" అన్నాడు. అని ఊరుకోలేదు, నేరుగా ఇంటికెళ్లి తల్లికి చెప్పాడు. అత్తమ్మ విని, ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత చేతులు కడుక్కుని, ఖమ్మం తనూ వస్తానంది.

డాక్టరమ్మ ముందు అత్తమ్మ సంబంధం చూడటానికి వచ్చినట్టే కూర్చుంది. వీర్యమిచ్చే పిల్లవాడిది ఏ ఊరని అడిగింది. చెప్పకూడదన్నారు. మా కులమోడేనా అని అడిగింది. అదీ చెప్పరట. అత్తమ్మ ముఖం చిన్నబోయింది.

"మన కులమాయన పక్కనే ఉన్నాడు కదత్తమ్మా, ఏం లాభమైంది?" అన్నాను.

మా ఆయన నవ్వాడు. అత్తమ్మ కొడుకు వంక చూసి, ఇక ఆ ప్రశ్న వదిలేసి, ఆరోగ్యం మంచిదేనా అని మాత్రం అడిగింది. మంచిదేనన్నారు. మరి మీ నిర్ణయమేమిటని డాక్టరమ్మ తల్లీకొడుకులను చూసి అడిగింది.

"మమ్ముల అడుగుతవేంది డాక్టరమ్మా? మోసేది, కనేది అది. దాన్నడుగు" అంది అత్తమ్మ.

అన్ని మొక్కుల్లో, అన్ని సూదుల్లో ఆ మాట నన్నెవరూ అడగలేదు. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.

"నొప్పిగా ఉంటుందా?" అన్నాను.

కొద్దిగా ఉంటుందంది డాక్టరమ్మ.

"అయితే చేసేటప్పుడు ఆయన్ని బయట కూచోబెట్టండి. చూస్తే పడిపోతాడు."

మా ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.